నిర్దోషికి శాలువా

ముందే చెబుతున్నాను, ఇది మహాకావ్యానికి సరిపడే సరుకు. ఎడారి ఉంది. సముద్రం ఉంది. ఆ రెంటి మధ్య పగలూ రాత్రీ ఆకాశంలోకి మంట చిమ్మే చమురు గొట్టాలున్నాయి. చేయని నేరానికి నిందపడ్డ యువకుడున్నాడు. పెద్దల పంచాయితీ ఉంది. బలవంతపు పెళ్లి ఒకటి కుదిరినంత పనై ఆగింది. తెర తొలగించుకుని వచ్చి నిండు సభలో నిజం చెప్పిన స్త్రీ ఉంది. ఇన్ని ఉన్నాక పర్వాలకు పర్వాలు రాసుకుంటూ పోవచ్చు.

రాయలేను. ఆ యువకుణ్ణి నేనే. పొట్టివాణ్ణి, ముప్పై దాటకముందే బట్టతల సూచనలున్నవాణ్ణి. వృత్తి ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగడం. ఎడారి నాకు కిటికీలోంచి కనిపించేది, ఆ కిటికీ తెరుచుకునేది కాదు. సముద్రం గాలి అటు తిరిగినప్పుడు వాసనగా మాత్రమే వచ్చేది. మహాకావ్యాలకు ఇంతకంటే మెరుగైన నాయకుడు కావాలి.

ఇంకో చిక్కుంది. ఈ కథను ఇప్పటికే చాలాసార్లు చెప్పాను. బ్యాచిలర్ రూముల్లో, పెళ్లి భోజనాల్లో, ఒకసారి విమానం ఆలస్యమైతే ముక్కూమొహం తెలియని మనుషులకి కూడా. పొట్ట చెక్కలయ్యేలా చెబుతాను. ఆ కథలో ఆమె ఒక్క వాక్యం పలికి వెళ్లిపోతుంది. తర్వాత ఆమెకేమైందని ఎవరూ అడగరు, అడగాలని తోచనివ్వకుండా చెప్పడం నాకు వచ్చు. ఈసారి అలా చెప్పకూడదనుకుంటున్నాను. అలవాటు కొద్దీ మధ్యలో ఎక్కడైనా నవ్వొస్తే తప్పు నాదే.

రెండువేల దశకం మధ్యలో, సౌదీలో సంగతి. ఖతీఫ్‌కీ రాస్ తనూరాకీ మధ్య ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను కంప్యూటర్ల మనిషిని. మాది తెలంగాణ. ఆమె అక్కడ వార్డు నర్సు, గోదావరి జిల్లా నుంచి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఆస్పత్రిలో అందరూ 'సిస్టర్' అనేవారు, నేను 'అక్కా' అనేవాణ్ణి. ఆదివారం డ్యూటీ పడితే బైబిలు చదవడం కుదరలేదని గొణిగేది, శుక్రవారం తెలుగువాళ్ల భోజనాల్లో పప్పులో ఉప్పు తక్కువైందని బాహాటంగా అనేది. ఐర్లండు వెళ్లాలని ఆమె ఆశ. దానికి పరీక్ష పాసైంది. ఇక కావలసింది మా ఆస్పత్రి ఇచ్చే ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఒక్కటే. అది లేకపోతే మా ఆస్పత్రిలో చేసిన ఏళ్లు చేయనట్టే లెక్క. దానిమీద సంతకం పెట్టాల్సింది మా అడ్మిన్ ఆఫీసరు. నర్సుల డ్యూటీలు, హాస్టలు గదులు, బస్సు, పాస్‌పోర్టులు అన్నీ ఆయన బీరువాలోనే ఉండేవి. ఆయనది ఏ దేశమని అడుగుతారు. అడిగిన ప్రతివాడూ తన దేశం కాకూడదని మొక్కుకుంటూ అడుగుతాడు కాబట్టి చెప్పను.

ఒక చలికాలం సాయంత్రం, మగ్రిబ్ నమాజుకి దుకాణాల షట్టర్లు దించుతున్న వేళ, నేను ఆస్పత్రి వెనక పార్కింగులో కారు తీస్తున్నాను. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. నర్సుల బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

"తమ్ముడూ, హాస్టలు కాడ దింపుతావా?"

ఆ దేశంలో ఆ రోజుల్లో ఇది చిన్న కోరిక కాదు. సంబంధం లేని ఆడమనిషి, మగమనిషి ఒకే కారులో ఉంటే ఇద్దరికీ ముప్పే. అందుకని మావాళ్లకొక పద్ధతి ఉండేది. ఆడవాళ్లు వెనక సీట్లో కూర్చుంటారు, మనం ముందు డ్రైవరు మొహం పెట్టుకుని నడుపుతాం. ఎవరైనా చూస్తే ఏదో ఇంటి డ్రైవరనుకుంటారు. ఇంజనీర్లు కూడా ఆ మొహం పెట్టడంలో ఆరితేరారు. ఇద్దరు ముగ్గురు నర్సుల్ని కలిపి అలా దింపిన సందర్భాలున్నాయి. ఒంటరిగా ఆమె ఎక్కడం అదే మొదటిసారి. నేను భయపడ్డాను. భయపడితే నేను జోకులేస్తాను.

నా కారు పాత కరోలా. నాకంటే ముందు ఆ ఉద్యోగంలో ఉన్న మలయాళీ అమ్మి వెళ్లాడు. దాని వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. బయటినుంచి నేను తియ్యాల్సిందే. పిడి పాడైందనుకుని అలాగే వాడుకుంటున్నాను.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకనుంచి టక్కుటక్కుమని చప్పుడు. ఆమె తలుపు పిడి లాగుతోంది. ఒకసారి కాదు, ఆపకుండా.

"అక్కా, అది లోపల్కెల్లి రాదు," అన్నాను. "నా కారు గూడ సౌదీ లెక్కనే. ఎక్కుడు మన చేతుల ఉంటది, దిగుడు వాళ్ల చేతుల ఉంటది."

వెనకనుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్విందనుకున్నాను. జోకు పండిందన్న ఉత్సాహంలో ఇంకో నాలుగు వేశాను. అద్దంలో చూస్తే ఆమె సంచీని గుండెకి అదుముకుని ఉంది. ఒంటిమీది నల్లటి అబాయాకి గుండీలు రెండు లేవు. కుట్టు ఊడిందేమో అనుకున్నాను. అవును, చూశాను. చూసి, కుట్టు గురించి అనుకున్నాను.

హాస్టలు గేటు ముందు ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్లి తలుపు తీశాను. ఆమె నా చేతిని తోసేసి, దాదాపు పరుగున, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఆమె కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నర్సులున్నారు. వాచ్‌మన్ ఉన్నాడు. వాళ్లు చూసింది ఇంతే: చీకటిపడే వేళ, ఒక కారు, ఒక మగవాడు బయటినుంచి తలుపు తీస్తే తప్ప బయటపడలేని ఒక ఆడమనిషి, గుండీలు ఊడిన బట్టలు, ఏడుపు. వాళ్ల స్థానంలో ఉంటే నేనైనా నన్నే అనుమానించేవాణ్ణి.

నాకు మాత్రం ఏమీ తోచలేదు. ఇల్లు గుర్తొచ్చిందేమో అనుకుని వెళ్లి పరోటా తిన్నాను.

మరునాటినుంచి ఆమె జ్వరమని డ్యూటీకి రాలేదు. ఎవరితోనూ మాట్లాడలేదట. మాట్లాడని మనిషి తరఫున మాట్లాడేందుకు మాత్రం చాలామంది దొరికారు. వారం తిరక్కుండా కబురు రాస్ తనూరా దాకా పాకింది.

అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు. కాంట్రాక్టు కంపెనీలో ఇంజనీరు, విజయవాడ వైపు మనిషి. ప్రతి శుక్రవారం వాళ్లింట్లో తెలుగువాళ్ల భోజనాలు. హాల్లో మగవాళ్లు, లోపలి గదిలో ఆడవాళ్లు, మధ్య ఒక తెర. నేను వెళ్లేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది.

"రావోయ్, కూర్చో," అన్నాడు పెద్దాయన. "భోంచేశావా?"

"ఇంక లేదు సార్."

"ముందు మాట్లాడుకుందాం. తర్వాత తిందువుగాని."

తెలుగువాళ్లు భోజనం వాయిదా వేశారంటే నేరం రుజువైపోయినట్టే. 

"చూడబ్బాయ్, నువ్వు చేశావని మేం అనట్లేదు."

"ఏం చేసిన సార్?"

"అదే, చేశావని అనట్లేదు."

పక్కనే ఒక కంపెనీలో లెక్కలు చూసే పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "చేశావా లేదా అన్నది కాదయ్యా ఇప్పుడు. బయటికి పొక్కిందనుకో, ముందు ఆ పిల్లనే అడుగుతారు, పరాయి మగాడితో ఎందుకున్నావని. తర్వాత నిన్ను లోపలేస్తారు. ఆ తర్వాత మాకందరికీ తిప్పలు. కాబట్టి పోలీసుల మాటే వద్దు."

"మరేం చెయ్యాలె సార్?"

"పెళ్లి చేసుకో," అన్నాడు పెద్దాయన, మజ్జిగ తాగమన్నంత తేలిగ్గా. "చేసుంటే తప్పు దిద్దుకున్నట్టవుతుంది. చెయ్యకపోతే ఒక ఆడపిల్లని ఆదుకున్నట్టవుతుంది. ఎటుచూసినా నీకు మంచే."

"సార్, నేను ఆమెను అక్కా అంట."

"రేపట్నుంచి అనకు."

"వాళ్లు క్రిస్టియన్స్ సార్."

"రెండు పద్ధతుల్లోనూ చేద్దాం. ఆమెకి వయసు కాస్త ఎక్కువే. సర్దుకుపోవాలి."

ఎవరికీ కోపం లేదు, అదే విచిత్రం. అందరూ నా మంచి కోరేవాళ్లే. నేను కాదన్నాను. ఒట్టేశాను. చివరికి బస్సు పోయింది కాబట్టి దింపానని వివరించాను. "బస్సు పోయేదాకా ఆ పిల్ల ఏం చేస్తోందట?" అని ఎవరో అడిగారు. నాకు తెలియదన్నాను. అది నిజం. తెలుసుకోవాలని కూడా నాకనిపించలేదన్నది అంతకంటే నిజం. ఆ గదిలో ఉన్నంతసేపూ నేను ఆలోచించింది ఒక్క మనిషి గురించే, ఆ మనిషి నేనే.

తర్వాతి వారం ఎలా గడిచిందో చెప్పాలి. దాన్ని తక్కువచేసి చెబితే అదీ అబద్ధమే అవుతుంది.

వార్డులో ప్రింటరు పాడైందని పిలిచేవారు. నేను వెళ్లగానే గదిలో ఉన్న నర్సులందరూ లేచి బయటికి వెళ్లి, తలుపు బార్లా తెరిచి, నేను పని ముగించేదాకా వరండాలో నిలబడేవారు. తిట్టలేదు, ఏమీ అనలేదు. నిలబడేవారు, అంతే. నాతో రూములో ఉండే ఒకడు తన తువ్వాలు నా తువ్వాలు పక్కనుంచి తీసి వేరే మేకుకి తగిలించుకున్నాడు. నేను నవ్వితే పశ్చాత్తాపం లేదన్నారు. నవ్వకపోతే లోపల కుమిలిపోతున్నాడు, చేసే ఉంటాడన్నారు. మనిషికి మొహం రెండు రకాలుగానే ఉంటుంది కదా, రెండూ సాక్ష్యాలే అయ్యాయి. ఎవరో ఊరికి ఫోను చేశారు. అది విని మా అమ్మ నాకు చేసింది.

"బిడ్డా, నువ్వు గసుంటి పని చెయ్యవు గదా?"

"చెయ్యలేదమ్మా."

"నాకు ఎర్కనే. ఊకనే అడిగిన."

ఊరికే అడగాల్సి వచ్చిందంటేనే తెలిసిపోయింది, అమ్మ ఆ రాత్రి నిద్రపోదని. ఇప్పటికీ నేను గదిలోకి వెళ్లగానే ఇద్దరు మాటలు ఆపితే, నా గురించేనేమోనని వెనక్కి వచ్చేస్తాను. అది చిన్న గాయమని అనను.

ఆ వారమంతా నన్ను నమ్మిన మనిషి ఒక్కరే. మా అడ్మిన్ ఆఫీసరు. తన గదికి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. ఆస్పత్రిలో వినవస్తున్న మాటలు తన చెవిన కూడా పడ్డాయన్నాడు. బాధపడవద్దన్నాడు. "నువ్వలాంటివాడివి కాదు. నాకు తెలుసు," అన్నాడు ఇంగ్లీషులో, కళ్లలోకి చూస్తూ. నాకు ఏడుపొచ్చింది. ఆయన కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందంటే, అడక్కుండానే మొత్తం శుభ్రం చేసి పెట్టాను. అరబ్బు దేశంలో దేవుడు ఇలా సూటు వేసుకుని కనిపిస్తాడన్నమాట అని రూముకొచ్చి చెప్పాను కూడా. ఎవరూ నవ్వలేదు.

ఈలోగా పెద్దాయన భార్య, మేమందరం ఆంటీ అని పిలిచేవాళ్లం, హాస్టలుకి వెళ్లి ఆమెని పలకరించింది. మొదటిసారి నేరుగా ఆమె దగ్గరికి వెళ్లిన మనిషి ఆవిడే, వెళ్లింది కూడా ఏం జరిగిందని అడగడానికి కాదు. "భయపడకమ్మా, అంతా కుదిర్చేశాం, అబ్బాయి చేసుకుంటాడు," అని ధైర్యం చెప్పడానికి. ఆమె చాలాసేపు అర్థం కానట్టు చూసి, "ఏ అబ్బాయండీ?" అని అడిగిందట.

అలా ఆమెకి తెలిసింది.

ఆ శుక్రవారం హాల్లో విస్తళ్లు, అంటే ప్లాస్టిక్ ప్లేట్లు, పరుస్తున్నారు. నేను గోడవారగా ఒంటరిగా కూర్చున్నాను. తెర కదిలింది. ఆమె ఇవతలికి వచ్చి నిలబడింది. బాగా చిక్కిపోయింది. మగవాళ్లందరూ ఏదో ఒకటి సర్దుకోవడం మొదలుపెట్టారు.

"కూర్చోమ్మా," అన్నాడు పెద్దాయన.

"కూర్చోనండి. ఆంటీ గారు పెళ్లి మాట చెప్పేరు. అందుకొచ్చేను." ఆమె గొంతు మామూలుగానే ఉంది, వార్డులో షిఫ్టు అప్పగించేటప్పుడు ఉండేలా. "తమ్ముడేం చెయ్యలేదండి. నన్ను హాస్టలు కాడ దింపేడు. దారంతా ఏవో జోకులేసేడు. నాకొక్కటీ వినపళ్లేదు."

"మరి ఆ ఏడుపు దేనికమ్మా?"

 ఆమె నావైపు చూసింది. తర్వాత పెద్దాయన వైపు.

"చెప్పకపోతే తమ్ముణ్ణే అనుకుంటారు కదండీ."

కాదని ఎవరూ అనలేదు. ఒక్కరన్నా 'అనుకోం, నువ్వు చెప్పనక్కర్లేదు' అని ఉండొచ్చు. పాతికమందికి పైగా ఉన్నాం. నేనూ ఉన్నాను.

"మా అడ్మిన్ ఆఫీసరండి. సర్టిఫికెట్టు మీద సంతకం పెడతాను రమ్మన్నాడు. వెళ్లేను. తలుపేసేడు."

అంతే చెప్పింది. సర్టిఫికెట్టు ఇక రాదని ఆమెకి ఆ మాట అంటున్నప్పుడే తెలుసు. పాతికమందికి చెప్పిన మాట రేపో ఎల్లుండో ఆఫీసుకి చేరుతుంది. అది తెలిసే, నాకోసం, చెప్పింది.

ఆ క్షణంలో నాకేమనిపించిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆనందమేసింది. జాలి కాదు, కోపం కాదు. లోపలంతా తేలికైపోయి, ఎగరాలనిపించేంత ఆనందం. ఆమెకి జరిగింది విన్న చెవులతోనే నేను విడుదలయ్యానన్న మాట విన్నాను, ఆ రెంట్లో నాకు ముందు అందింది రెండోదే. ఆ తర్వాతగానీ, టీ కప్పు, కుర్చీ, 'నువ్వలాంటివాడివి కాదు, నాకు తెలుసు' అన్న మాట గుర్తుకు రాలేదు. తెలియకేం. ఆ మాట ఆయనకంటే గట్టిగా చెప్పగలిగిన మగవాడు ఆ ఆస్పత్రిలో మరొకడు లేడు.

ఆంటీ ఆమెని లోపలికి తీసుకెళ్లింది. భోజనాలు మొదలయ్యాయి. మనవాళ్లు ఎంతటి మాట విన్నా భోజనం రెండోసారి వాయిదా వెయ్యరు. అందరూ వచ్చి నా భుజం తట్టారు. పెద్దాయన కళ్లనీళ్లు పెట్టుకుని నా చేతులు పట్టుకున్నాడు. నా ప్లేటులో మాంసం ముక్కలు గుట్టపడ్డాయి. తువ్వాలు మార్చినవాడు నీళ్లు తెచ్చిచ్చాడు. అప్పుడు మొదలైంది బేరీజు.

"ఎంతైనా చెయ్యని తప్పుకి నింద మొయ్యడం ఉందే," అన్నాడు లెక్కల పెద్దమనిషి, ఎముక పక్కన పెడుతూ, "దానికి మించిన నరకం లేదండి. ఒంటికి తగిలింది నాల్రోజుల్లో మానుద్ది. పేరుకి తగిలింది మానదు."

"నిజమే," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"పైగా ఆడపిల్ల సంగతి బయటికి రాకపోతే ఏమీ కానట్టే. వీడిది ఊరంతా పాకింది కదా, పాపం."

తెర అవతలనుంచి ఆంటీ గొంతు వినిపించింది. "మానిందని మీతో ఎవరన్నారండీ?"

 లోపల కుళాయి కింద గిన్నెలు కడుగుతున్న చప్పుడు. కడుగుతున్నది ఆమేనని తర్వాత తెలిసింది. వద్దన్నా వినలేదట.

"ఎవరికైనా పులుసు కావాలా?" అని అడిగింది ఆంటీ.

నాకు కావాలన్నాను. రెండోసారి అన్నం కలుపుకుని తిన్నాను. నిజంగా ఆకలేసింది, వారంగా సరిగ్గా తినలేదు.

ఆ తక్కెడ గురించి తర్వాత చాలా ఆలోచించాను. రెండూ ఒకే తక్కెడలో ఎందుకు పెట్టారంటే, నేను హాల్లో ఉన్నాను, ఆమె వంటింట్లో ఉంది, అంతకంటే కారణం లేదు. నా మీద నింద వేసింది ఆమె కాదు. ఆమెను అడగకుండా ఆమె తరఫున ఊహించినవాళ్లు. మగవాళ్ల సంభాషణల్లో ఇప్పటికీ వింటుంటాను, ఆడవాళ్లు ఊరికే పేర్లు చెప్పేస్తారని, మగాడి బతుకు బుగ్గైపోతుందని. నేను చూసినంతలో ఆమె అసలు ఏ పేరూ చెప్పదలచుకోలేదు. నన్ను విడిపించడానికి చెప్పాల్సివచ్చింది. నా బాధకి మందు ఉంది, అది ఇంకొకరి నోట్లో ఉంది, ఆమె నోరు తెరవగానే తగ్గింది. ఆమె బాధ తగ్గాలంటే ఎవరు ఏం చెప్పాలి? ఆ ఆఫీసరే వచ్చి తప్పు నాదని ఒప్పుకున్నా, ఆ గది తలుపు కాలంలో వెనక్కి వెళ్లి తెరుచుకోదు. పైగా నా మందు ఖరీదు ఆమె దగ్గరే వసూలైంది.

సాయంత్రం అందరూ వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆమె కనిపించింది. ఏదో ఒకటి అనాలి. నాకు మాటలు రావడమనేది జోకులు రావడమే, ఆ రోజు అవీ రాలేదు.

"అక్కా, దింపాల్నా?" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట ఆ రోజు ఎవరూ అని ఉండరు.

"వద్దులే తమ్ముడూ. పెద్దాయన గారు దింపుతానన్నారు." రెండు మెట్లు దిగి ఆగింది. "ఆ కారు తలుపు బాగు చేయించు."

"చేయిస్త అక్కా."

అంతే. నాతో ఆమె ఆఖరి మాట అదే, నన్నడిగిన ఒకే ఒక్క ఉపకారం కూడా.

సంగతి ఆఫీసుకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పాతికమందీ ఎవరికీ చెప్పొద్దనే చెప్పారు మరి. ఆమె పనితీరు బాగాలేదని ఫైనల్ ఎగ్జిట్ వేశారు, అంటే ఉద్యోగం తీసేసి దేశం నుంచి పంపెయ్యడం. సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఫిర్యాదు చేద్దామని ఆంటీ ఒక్కతే అంది. ఎవరి దగ్గర, ఏమని, అతని గదిలోకి ఒంటరిగా ఎందుకు వెళ్లావంటే ఏం చెప్పాలని పెద్దాయన అడిగాడు.  ఆంటీకి దొరకని జవాబు మా దగ్గర ఉందేమోనని మేమెవ్వరం వెతకలేదు.

ఆ మధ్యలో ఒకరోజు అడ్మిన్ ఆఫీసరు గదిలో ప్రింటరు మొరాయించింది. వెళ్లాను. "చూశావా, నీకేమీ కాదని నేను ముందే చెప్పాను," అన్నాడు నవ్వుతూ. నేను ఏమన్నానో చెప్పమంటే గొప్ప డైలాగు రాయగలను. నేను రోలరు తుడిచి, టెస్ట్ పేజీ తీసి, బాగుందా సార్ అని చూపించాను. బాగుంది.

ఉగాది వచ్చింది. పెద్దాయన ఇల్లు చాలదని ఒక విల్లా హాలు తీసుకున్నారు. పచ్చడి, పంచాంగం, పిల్లల డాన్సులు అయ్యాక నన్ను ముందుకు పిలిచారు. 'నిందను ధైర్యంగా ఎదుర్కొని నిర్దోషిగా నిలిచిన మన కుర్రాడికి' సన్మానమట. పెద్దాయన నాకు శాలువా కప్పాడు. మెరూన్ రంగు, జరీ అంచు. నిర్దోషికి శాలువా కప్పడం ప్రపంచంలో ఇంకే జాతికైనా తోచిందో లేదో తెలియదు. ఆమెని పిలవలేదు. నలుగురిలోకి వస్తే ఇబ్బంది పడుతుందని. అప్పటికింకా హాస్టల్లోనే, ఎగ్జిట్ ముద్ర కోసం ఎదురుచూస్తూ ఉంది. అక్కడికి కారులో పావుగంట దూరం.

రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు. ఎదురుగా అందరూ ఉన్నారు. ఈ శాలువా నాది కాదని అనడానికి అంతకంటే అనువైన చోటు జన్మలో దొరకదు. మాట గొంతుదాకా వచ్చిందని కూడా చెప్పలేను.

"ఈ ఎండల దేశంల ఉన్ని శాలువా కప్పుతున్రంటే," అన్నాను, "నాకు శిక్ష ఇంక అయిపోలేదన్నట్టు."

హాలు దద్దరిల్లింది. ఆ ఏడాది నేనేసిన జోకుల్లో అదే మేలైనది. మెచ్చుకోళ్లు ఇంకా గుర్తున్నాయి, అవి గుర్తొచ్చినప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆమె ఎప్పుడు వెళ్లిందో ఆంటీ చెబితే తెలిసింది. ఊరి దగ్గర ఒక నర్సింగ్ హోములో, కొత్తగా చేరినవాళ్ల జీతానికి, మళ్లీ మొదటినుంచి. ఐర్లండు మాట ఎత్తడం లేదట. నేను ఫోను చెయ్యలేదు. నంబరు ఆంటీ దగ్గరుంది. అడిగితే ఇస్తుంది. అడిగితే 'ఎందుకు' అని కూడా అంటుంది, ఆ ప్రశ్నకి సిద్ధం కాలేదు.

శాలువా అమ్మకి పంపాను. చలికాలం కప్పుకుంటోంది, దేనికిచ్చారని అడిగితే ఆఫీసులో బాగా పనిచేసినందుకన్నాను.

తలుపు బాగు చేయించలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే మరుసటి ఏడు కారు అమ్మేశాను. కొన్నవాడూ నాలాగే కంప్యూటర్లవాడు. వెనక తలుపుల పిడులు పాడయ్యాయి, లోపలినుంచి రావని ముందే చెప్పాను. అతను తలుపు తెరిచి, అంచు మీదికి వంగి చూసి, అక్కడున్న ఒక చిన్న మీటని తాళంచెవి కొనతో కిందికి నెట్టాడు. తర్వాత లోపల కూర్చుని, తలుపు వేసుకుని, లోపలి పిడి లాగాడు. తెరుచుకుంది. రెండోవైపూ అలాగే చేశాడు. దాన్ని చైల్డ్ లాక్ అంటారు. చిన్నపిల్లలున్నవాళ్లు వేసుకుంటారు. మీట పైకి ఉంటే తలుపు లోపలినుంచి రాదు, కిందికి ఉంటే వస్తుంది.